స్కాలియా దారా, అలీటో దారా?

అమెరికా సుప్రీంకోర్టులో కన్సర్వేటివ్ జడ్జిలంటే అందరిదీ ఒకటే మాట అనుకుంటాం. మతస్వేచ్ఛ దగ్గర మాత్రం వాళ్లలోనే రెండు దారులున్నాయి.

1990 నాటి ఒరెగాన్ కేసు తీసుకోండి. నేటివ్ అమెరికన్ చర్చి పూజలో ఇద్దరు పెయోటీ అనే మొక్కను ప్రసాదంలా తీసుకున్నారు. అది నిషేధిత మత్తుపదార్థం. ఉద్యోగం పోయింది, నిరుద్యోగ భృతి కూడా దక్కలేదు. జస్టిస్ స్కాలియా తీర్పు సూటిగా ఉంటుంది: చట్టం అందరికీ ఒకేలా వర్తిస్తున్నప్పుడు, మతం పేరుతో మినహాయింపు ఇవ్వాలని రాజ్యాంగం చెప్పదు. కావాలంటే చట్టసభ ఇచ్చుకోవచ్చు. జడ్జి తన గీత దాటకూడదన్న పట్టుదల అది.

2021లో ఫిలడెల్ఫియా కేసు వచ్చింది, స్వలింగ జంటలకు పిల్లల్ని పెంపకానికి ఇచ్చేందుకు ఒప్పుకోని ఓ కేథలిక్ సంస్థది. అందులో జస్టిస్ అలీటో విడిగా తన అభిప్రాయం రాస్తూ, స్కాలియా తీర్పునే కొట్టేయాలన్నారు. థామస్, గోర్సచ్ ఆయనతో కలిశారు. ఆయన చూపిన ఉదాహరణ నన్ను వదల్లేదు: మద్యనిషేధం పెట్టి, చర్చిలో వాడే ద్రాక్షసారాకు మినహాయింపు ఇవ్వకపోతే? స్కాలియా లెక్కన కేథలిక్కుల ప్రార్థనే ఆగిపోతుంది.

నేను అలీటో వైపే. చట్టసభలో బలం ఉన్నవాళ్లు మినహాయింపు తెచ్చుకుంటారు, పెయోటీ తీసుకునే చిన్న సమూహానికి ఆ బలం ఎక్కడిది? అయితే స్కాలియా భయమూ చిన్నది కాదు. మినహాయింపులు మొదలైతే, ఎవరి నమ్మకానికి ఎంత ఇవ్వాలో జడ్జిలే తూకం వేయాల్సి వస్తుంది. పాత తీర్పు తీసేస్తే దాని స్థానంలో ఏం పెడతామని జస్టిస్ బారెట్ అదే కేసులో అడిగారు. స్కాలియా తీర్పు అలాగే నిలిచింది.