ఎండాకాలంలో వణికిన గీత: మూడేళ్లు వాడిన పెన్ ట్యాబ్లెట్ మీద సమీక్ష

స్కేలు ఆనించి ఐమూలగా, నెమ్మదిగా గీసిన గీత కూడా పాము నడిచినట్టు వంకర్లు పోతే తప్పు చెయ్యిది ఎట్లయితది? స్క్రీన్ లేని మీడియం సైజు ట్యాబ్లెట్ (కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతోని గీసే పలక) మీద మూడేళ్లు క్యారెక్టర్ బొమ్మలు గీసినంక నా ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క వణుకు మీదనే. ప్రెషర్ లెవెళ్లు 8192, బ్యాటరీ లేని పెన్ను, పక్కన షార్ట్‌కట్ బటన్లు... అవన్నీ డబ్బా మీదనే ఉంటయి, మళ్లీ చదివి వినిపించుడు ఎందుకు.

కొన్నది వానాకాలంలో. అప్పుడు గీత దారం లాగినట్టు వచ్చేది. కళ్లు మూసుకొని కొనుక్కోవచ్చని నలుగురికి చెప్పిన మాట కూడా నిజమే. మార్చి దాటి నల్లగొండ ఎండ ముదిరినంక అదే పెన్ను, అదే బ్రష్షు, గీత మాత్రం రంపం పండ్ల లెక్క తయారైంది. ఊపుగా గీస్తే తెల్వదు. పానగల్లు పచ్చల సోమేశ్వర గుడి శిల్పాలు చూసి ముప్పై సెకన్ల భంగిమలు గీసేటోళ్లకు ఈ జబ్బు అసలే కనబడకపోవచ్చు, భుజం నుంచి లాగే గీతలో వణుకు దొరకదు. బుగ్గ వంపు, కనురెప్ప, జడ పాయ గీసేటప్పుడే బయటపడుతది. సర్వీసు వాళ్లను అడిగితే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించమన్నరు. రెండుసార్లు ఎక్కించినా ఫరక్ పడలే.

వణుకు ఎక్కడిదో తేల్చుకునే పద్ధతి చిన్నదే. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో బ్రష్ టూల్ ఆప్షన్లకు పోయి, గీతను నున్నగ చేసే స్మూతింగ్ పూర్తిగా తీసేయాలె, లేకుంటే రోగం దాగిపోతది. ఐదు పిక్సెళ్ల బ్రష్షు తీసుకొని, పలక మీద ప్లాస్టిక్ స్కేలు ఐమూలగా పెట్టి, అంగుళానికి రెండు సెకన్ల చొప్పున గీయాలె. స్టీలు స్కేలు వద్దు, లోహం పెన్ను సిగ్నల్‌ను చెడగొడుతది. ఇప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద అదే గీత ఇంకోసారి. చార్జర్ ఉన్నప్పుడు వంకర, పీకినంక తిన్నగా వస్తే జబ్బు కరెంటుది. రెండుసార్లూ ఒకే ఎడంతోని సన్నని అలలు వస్తే అది లోపలి కాయిళ్ల అల్లిక గుణం. కొంచెమో గొప్పో ఈ తీరు ట్యాబ్లెట్లన్నిట్లో ఉంటది, దానితోని సర్దుకోవుడే.

బ్యాటరీ లేని పెన్ను ఎట్ల పనిచేస్తదో తెలిస్తే ఇది వింత అనిపించదు. పలక కింద రాగి కాయిళ్లు అడ్డం, నిలువు పరిచి ఉంటయి. అవి వదిలే తరంగాన్ని పెన్ను లోపలి బుల్లి కాయిల్ పట్టుకొని తిరిగి మోగిస్తది. ఏ కాయిల్‌కు ఎంత జోరుగా వినబడ్డదో కొలిచి పెన్ను జాగా లెక్కగడతది. ఆ జవాబు చాలా సన్నది. చార్జర్‌కు ఎర్త్ సరిగ్గా అందకపోతే దాని లోపలి స్విచ్చింగ్ గోల భూమిలోకి పోయే తొవ్వ లేక ల్యాప్‌టాప్ బాడీలోకి, అక్కడి నుంచి యూఎస్‌బీ వైరు పట్టుకొని పలకలోకి దిగుతది. చార్జింగ్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ లోహపు అంచుకు ముంజేయి ఆనిస్తే జివ్వుమంటున్నదా? అదే గుర్తు.

మొదటి అనుమానం ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టుకోవాలె. పైన మూడు రంధ్రాలు, లోపల రెండు తీగల వైరు ఉన్న బాక్సులు బజార్లో మస్తున్నయి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తొడిగితే ఎర్త్ అక్కడనే తెగినట్టు. గోడ సాకెట్‌లో నేరుగా పెట్టినా వణుకు పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఫేజుకూ ఎర్త్‌కూ నడుమ బల్బు పెట్టి చూడమనాలె. న్యూట్రల్‌తోని వెలిగినంత వెలగక గుడ్డి దీపం లెక్క ఉంటే ఎర్త్ గుంత ఎండిపోయిందని, అసలే వెలగకుంటే ఎర్త్ తీగ ఎక్కడనో తెగిందని అర్థం. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) ఉన్న ఇంట్లో బల్బు పెట్టంగనే ట్రిప్ అయితది, అక్కడ మీటరుతోనే చూడాలె. మనంతట మనం సాకెట్‌లో వేలు పెట్టే పని కాదిది.

ఇక్కడ తేలింది ఎండిన గుంతనే. ఈ దిక్కు చల్క నేల, చాలా చోట్ల కొంచెం తవ్వంగనే బండ తగులుతది. ఉప్పు, బొగ్గు పోసి పైపు దించిన గుంతైనా ఎండలు ముదిరేసరికి తడారిపోతది, తడి లేని మట్టి కరెంటును గుంజుకోదు. సాయంత్రం పైపు మొదట్లో రెండు బిందెల నీళ్లు పోస్తే తెల్లారి గీత తిన్నగైంది! నాలుగు రోజులకు మళ్లీ వణికింది, మళ్లీ పోసుడైంది. చివరికి గుంత తవ్వించి బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా కొత్తగా నింపించినంక, వారానికి ఒక బిందెతోని మే నెల గడిచింది. బొమ్మ కుదరాలంటే ఎర్త్ గుంతకు నీళ్లు పోయాలని ఏ మాన్యువల్‌లో రాసి ఉన్నది? కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రం ఇప్పటికీ కొంత వణుకు మిగిలే ఉన్నది.

చాలామంది ఈ వణుకును స్టెబిలైజర్‌తోని కప్పుతరు (కరెంటు స్టెబిలైజర్ కాదు, క్రిటా స్మూతింగ్‌లోనే గట్టి రకం). నష్టం అక్కడనే ఉన్నది. స్టెబిలైజర్ దూరం పెంచినకొద్దీ గీత పెన్ను వెనక ఈడ్చుకుంటూ వస్తది. గుండ్రటి బుగ్గలకు బాగనే ఉంటది గని, కంటి కొస తిరిగే మూల, చూపుడువేలి కణుపు, నడుము కాడ కుచ్చెళ్లు విరిగే చోటు మొద్దుబారుతయి. గద్వాల చీర కోటకొమ్మ అంచు గీసి చూడండి, మొనలన్నీ గులకరాళ్ల లెక్క గుండ్రంగైతయి. కొత్తగా నేర్చుకునే పిల్లలేమో తమ చెయ్యే బాగలేదనుకొని ఇంకో అంకె పెంచుతరు. ఎర్త్ సరైనంక స్టెబిలైజర్ వదిలి బేసిక్ స్మూతింగ్ మీదనే లైన్ ఆర్ట్ (బొమ్మ అంచు గీతలు) మొత్తం అయిపోతున్నది.

పలక కాగితం లెక్క గరుకుగా ఉంటదని కొన్న కొత్తలో నేను మెచ్చుకున్న మాటను కూడా జర సవరించుకోవాలె. ఆ గరుకే నిబ్బును తింటది. దానికి ఎర్రమట్టి దుమ్ము తోడైతే ఉప్పుకాగితం మీద గీసినట్టే. రోజుకు రెండు గంటలు గీస్తే ఒక్కో నిబ్బు ఆరేడు వారాలు నడిచింది. కొస ఒక పక్క ఉలి లెక్క చదునైనంక కూడా లోభానికి వాడితే, ఆ పదును అంచు పలకను గీరేస్తది. ఇప్పుడు నడుమ అరచెయ్యంత జాగా నున్నగైపోయి పెన్ను జారుతున్నది. గీసే ముందు తడి గుడ్డతోని ఒకసారి తుడిచి, పైన పలుచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు అంటిస్తే పలక బతుకుతది. పెన్ను పలకకు సుమారు సెంటీమీటరు ఎత్తు నుంచే అందుతది కాబట్టి షీటు అడ్డం రాదు. నిబ్బు రంధ్రంలో దుమ్ము చేరితే ఇంకో తమాషా. పెన్ను తాకకముందే గీత పడుతది. నిబ్బు పీకి, రంధ్రం ఊది, తిన్నగా దించితే చాలు.

కొన్న రోజే చేయాల్సిన పని ఒకటున్నది. పలక 10 × 6.25 అంగుళాలు, మానిటర్ 16:9. డ్రైవర్‌లో నిష్పత్తి సరిచేయకుంటే చేతితోని గుండ్రంగా గీసిన తల తెర మీద పదకొండు శాతం ఎక్కువ వెడల్పైతది. పలక మీద గీసే జాగా ఎత్తును 5.625 అంగుళాలకు కుదించుకుంటే సరి.

సొంతిల్లు ఉండి ఎర్త్ గుంత మన చేతిలో ఉంటే, నాకైతే ఇది చాలు. కిరాయి ఇంట్లో మూడో అంతస్తులో ఉన్నోళ్లకు గుంత ఏ మూలకున్నదో కూడా తెల్వదు, ఓనరు తవ్వనీయడు. వాళ్లు పనిని రెండుగా పంచుకుంటే నడుస్తది. లైన్ ఆర్ట్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద గీసుడు, అది దిగిపోయేసరికి చార్జర్ పెట్టి ఫ్లాట్ కలర్లు, నీడలు నింపుడు. ముప్పై పిక్సెళ్ల బ్రష్షుతోని చీర రంగు నింపేటప్పుడు ఆ వణుకు ఎవరికీ కనబడదు.