40 గజాల్లోపే: .44 మాగ్నమ్ రివాల్వర్‌తో దుప్పి వేట

రివాల్వర్‌తో దుప్పిని కొట్టొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా. కొట్టొచ్చు. కానీ అది బాగా దగ్గరికి రావాలి, వచ్చాక అడ్డంగా నిలబడాలి, ఈ రెండూ జరగని రోజు ఖాళీ చేతులతో ఇంటికి పోవడానికి మీకు అభ్యంతరం ఉండకూడదు. ఈ మూడో మాట నచ్చకపోతే రైఫిల్ కొనుక్కోండి, డబ్బూ మిగులుతుంది, మాంసమూ దొరుకుతుంది.

నాది రూగర్ కంపెనీ సూపర్ బ్లాక్‌హాక్ హంటర్ రివాల్వర్, .44 మాగ్నమ్ అనే తూటా పేలుస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలు, ఏడున్నర అంగుళాల బారెల్. మేం ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో, సీజన్ వస్తే ఆగ్నేయ ఒహాయో కొండల్లో వింటన్ కౌంటీ వైపు తెలిసినవాళ్ళ పొలం అంచునున్న అడవిలో కూర్చుంటా. ఒహాయోలో దుప్పి వేటకి హ్యాండ్‌గన్ వాడాలంటే బారెల్ కనీసం 5 అంగుళాలుండాలి, క్యాలిబర్, అంటే గుండు లావు, .357 అంగుళానికి తగ్గకూడదు, తూటా కేసు, అంటే మందుండే లోహపు గొట్టం, మెడ దగ్గర సన్నబడకుండా పైదాకా ఒకే తీరున ఉండాలి. రైఫిళ్ళని కూడా ఇక్కడ 2014లో గానీ రానివ్వలేదు, అదీ ఇలాంటి కేసు తూటాలకే. అంతకుముందు ఎక్కువగా షాట్‌గన్లే కాబట్టి దగ్గర్నుంచి కొట్టడం ఇక్కడివాళ్ళకి కొత్తేం కాదు.

.44 మాగ్నమ్ 1950ల మధ్యలో వచ్చింది. ఎల్మర్ కీత్ అనే ఐడహో రాంచర్ అప్పటికే ఉన్న .44 స్పెషల్ తూటాల్లో మందు దట్టించి దట్టించి ఏళ్ళ తరబడి కంపెనీల వెంటపడితే చివరికి రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ కలిసి మార్కెట్లోకి తెచ్చాయి. రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ 1959లో వచ్చింది. సింగిల్ యాక్షన్, అంటే ప్రతి దెబ్బకీ బొటనవేలితో హామర్ వెనక్కి లాగాలి, తూటాలు పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కోటీ పెట్టుకోవాలి. చాదస్తంగా అనిపిస్తుంది గానీ వేటలో మీకు దొరికేది ఒక్క దెబ్బే, రెండోది ఉంటుందనుకోవడం భ్రమ.

ఇప్పుడు అసలు సంగతి. 240 గ్రెయిన్ల గుండు, అంటే దాదాపు పదిహేనున్నర గ్రాములు, బారెల్ పొడవుని బట్టి సెకనుకి 1,200 నుంచి 1,400 అడుగుల వేగంతో పోతుంది. .308 రైఫిల్ గుండు దీనికి రెట్టింపు వేగం. అందుకే రైఫిల్ దెబ్బకి దుప్పి ఒక్కోసారి నిలబడ్డచోటే కుప్పకూలినట్టు దీనికి కూలుతుందని ఆశపడొద్దు. ఇది చేసేదల్లా ఈ పక్కనుంచి ఆ పక్కకి లావుపాటి బెజ్జం పెట్టడం. జబ్బ వెనక, ఒంటి ఎత్తులో కింది మూడో వంతులో తగిలితే రెండు ఊపిరితిత్తులూ పోతాయి, అయినా అది యాభై అరవై గజాలు పరిగెత్తే పడుతుంది. మీరు వెంటనే దిగి దాని వెనక పడకూడదు. అరగంట కూర్చుని తర్వాత దిగితే ఆకుల మీద లేత గులాబీ రంగు నురగ నెత్తురు కనిపిస్తుంది, అది కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు, దగ్గర్లోనే ఉంటుంది. ముదురు రంగులో పసరు వాసనతో ఉంటే మాత్రం డొక్కలో తగిలిందని, గంటల తరబడి ఆగాల్సిందే.

నేను పెట్టుకున్న హద్దు 40 గజాలు. దీనికో లెక్కుంది. వేటలో ఎలా కూర్చుంటానో అలాగే కూర్చుని, మంచె చుట్టూ ఉండే కమ్మీ మీద చేతులు ఆన్చి, ఎంత దూరం నుంచైతే ఆరుకి ఆరూ చిన్న టిఫిన్ ప్లేటులో పడతాయో అదే నా దూరం. రేంజిలో బల్ల మీద ఇసుక సంచి వేసుకుని నూరు గజాలు కొట్టి మురిసిపోయేవాళ్ళున్నారు. చలికి వేళ్ళు కొయ్యబారి గుండె దడదడలాడుతుంటే ఆ నూరు సగానికి సగం అవుతుంది.

దగ్గరితనంలో అసలు కష్టం తుపాకీది కాదు, దుప్పి చెవులది. పాతిక గజాల్లో హామర్ టిక్కుమంటే తలెత్తి సూటిగా మీకేసే చూస్తుంది. దాని తల ఏదైనా చెట్టు మాను చాటుకి పోయే దాకా ఆగి, అప్పుడు లాగాలి. కొన్నిసార్లు ఆ చెట్టు రాదు. అది అట్లాగే మేసుకుంటూ ఎదురుగా నిలబడి, తర్వాత వెనక్కి తిరిగి పోతుంది, మనం చూస్తూ కూర్చుంటాం. నాకు ఇదే ఇష్టం అనుకోండి, మా ఆవిడ మాత్రం ఇన్ని డాలర్లు పోసి దుప్పిని చూడ్డానికి వెళ్ళేది నువ్వొక్కడివే అంటుంది.

పేల్చగానే తుపాకీ వెనక్కి తన్నే తన్నుడు గురించి అందరూ భయపెడతారు. సింగిల్ యాక్షన్ పిడి అరచేతిలో పైకి దొర్లుతుంది కాబట్టి దెబ్బ మణికట్టు మీద నేరుగా పడదు, నొప్పికన్నా ప్రమాదం బెదురే. గుండు పోకముందే చెయ్యి జంకుతుంది. సిలిండర్లో ఒకటి రెండు పేలని డమ్మీ తూటాలు కలిపి, ఏది ఎక్కడుందో చూడకుండా తిప్పి కొట్టండి, మీ బెదురు మీకే తెలిసిపోతుంది. ప్రాక్టీసుకి ఎక్కువగా .44 స్పెషల్ వాడతా, అవి ఇందులో చక్కగా పేలతాయి, కాకపోతే కేసు పొట్టిది కాబట్టి సిలిండర్లో తూటా కూర్చునే గదిలో ముందు వైపు మసి రింగు కడుతుంది. అది తోమకుండా మాగ్నమ్ తూటాలు పెడితే బిగుసుకుంటాయి. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్యనున్న సందులోంచి మంట చిమ్ముతుంది, అక్కడికి వేలు పోనివ్వొద్దు. శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి ఏమీ పెట్టుకోకుండా ఒక్కసారి పేల్చినా శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్స్ మంచివి, ఆకుల చప్పుడు కూడా పెంచి వినిపిస్తాయి.

మన తెలుగువాళ్ళకి రెండు మాటలు. హెచ్1బీ లాంటి వీసా మీదున్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ, తూటాలు దగ్గరుంచుకోవడం మామూలుగా నిషేధం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఒకటుంది, అది మీకు ఎంతవరకు వర్తిస్తుందో లాయర్‌ని అడిగి తెలుసుకోండి, నా మాట పట్టుకుని కౌంటర్ దగ్గరికి పోకండి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు అక్కడ ఇలాంటివి చేద్దామా అని అడిగినవాళ్ళూ ఉన్నారు, 1972 వన్యప్రాణి చట్టం కింద మన దగ్గర దుప్పిని కొడితే జైలే.

ఇన్నేళ్ళ వాడకంలో తుపాకీకి ఏమీ కాలేదు. దాని మీద బిగించినవే ఓడిపోయాయి. ఒక కంపెనీ రెడ్ డాట్, అంటే అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపించేది, తన్నుడికి తట్టుకోలేక చుక్క ఆరిపోయింది, తర్వాత పెట్టిన స్కోపు బాగానే ఉంది గానీ మసక వెలుతురులో చేతులు చాపి అందులో దుప్పిని వెతుక్కునేసరికి అది కాస్తా కదిలిపోయేది. ఇప్పుడు మామూలు ఇనుప గురితోనే పోతున్నా. తుపాకీ పెట్టుకునే హోల్‌స్టర్ ఛాతీ మీద ఉండేది తీసుకోండి, నడుముకి కట్టుకుంటే మంచె నిచ్చెన ఎక్కేటప్పుడు ప్రతి మెట్టుకీ తగులుతుంది. ఎక్కేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉండాలి, తూటాలు పెట్టేది పైకెళ్ళి పడిపోకుండా బెల్టు కట్టుకున్నాకే. పేల్చిన కేసులు పారేయకుండా దాచుకోండి, .44 మాగ్నమ్ పెట్టె ధర చూశాక రీలోడింగ్, అంటే పాత కేసుల్లో మళ్ళీ మందూ గుండూ నింపుకోవడం, నేర్చుకోక తప్పదు.