నల్లాకుల మొక్కలు నాలుగు: ఆరేళ్లు పెంచాక నా సమీక్ష

2019 జూన్‌లో ఒక నర్సరీలో "నల్ల రబ్బరు" అని చెప్పి నాకు ఇచ్చిన మొక్క రబ్బరు మొక్క కాదు. ఆ సంగతి తెలియడానికి పది నెలలు పట్టింది. ఆ పది నెలలూ దాన్ని రబ్బరు మొక్కలాగే చూశాను. మియాపూర్‌లో మాది మూడో అంతస్తు. పడమటి బాల్కనీలో మధ్యాహ్నం ఎండ నేరుగా పడేచోట పెట్టాను. మార్చి దాటేసరికి ఆకుల మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మచ్చలు పడి, ముట్టుకుంటే అప్పడంలా విరిగేవి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకాస్త పోశాను. కింది ఆకులు పసుపెక్కి కాడ దగ్గర మెత్తబడ్డాయి.

ఆ రోజుల్లో మా అత్తయ్య మాతోనే ఉన్నారు. ఆవిడది కడియం దగ్గరి పల్లె, నర్సరీల మధ్యే పుట్టి పెరిగారు. కాలిన ఆకు ఒకటి తుంచి, తెగినచోట వేలితో నొక్కి చూశారు.

"దీనికి పాలేవమ్మాయ్? రబ్బరయితే గిల్లగానే బొట్లు బొట్లుగా కారాలి. ఇది చేమ జాతిది. చేమను తెచ్చి ఎండలో పెడితే మాడిపోక ఏమవుతుంది?"

ఆవిడ అన్నమాట అక్షరాలా నిజం. అది ఫిలోడెండ్రాన్‌లో బ్లాక్ కార్డినల్ అనే రకం. చేమ, కంద ఏ కుటుంబానివో అదీ ఆ కుటుంబానిదే. రబ్బరు మొక్కేమో మర్రి, రావి, మేడిల వైపు చుట్టం. ఆకు రంగు ఒకటే కానీ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆ తర్వాత అసలు రబ్బరు మొక్కలో బర్గండీ అనే నల్లరకం కొన్నాను, 2021లో జెడ్‌జెడ్ మొక్కలో రేవెన్ అనే నల్లరకం వచ్చింది, 2022లో బ్లాక్ వెల్వెట్ అనే అలొకేషియా. ఈ రెండూ చేమ కుటుంబానివే. నాలుగూ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి.

కొనేవాళ్లకు మొదట చెప్పేది ఇదే. ముదురాకు చూసి గుర్తుపట్టాలని చూడకండి, చిగురు చూడండి. వెల్వెట్ తప్ప ముదిరాక అన్నీ వంకాయ నలుపే. చిగురులో మాత్రం ఒక్కోదానిది ఒక్కో తీరు.

రబ్బరు మొక్కకు కొత్తాకు ఎర్రటి మొనదేలిన తొడుగులో చుట్టుకుని వస్తుంది. కొమ్మ చివర ఎర్ర మిరపకాయ నిలబెట్టినట్టుంటుంది. ఆకు విచ్చుకోగానే ఆ తొడుగు ఎండి రాలిపోతుంది, కొమ్మ మీద చిన్న గీత మిగులుతుంది. ఆకులు కొయ్యబారిన కాండం మీద ఒకటి ఇటు, ఒకటి అటుగా ఎక్కుతాయి. ఆకు కాడ పొట్టిది. ఆకు తిప్పి చూస్తే నడిమి ఈనె వెనకవైపు ఎరుపు కనిపిస్తుంది.

బ్లాక్ కార్డినల్‌కు కాడలన్నీ ఒకే మొదట్లోంచి గుత్తిగా లేస్తాయి, పొడవుగా, గుజ్జుగా ఉంటాయి. చిగురు చుట్ట చుట్టిన తమలపాకులా వచ్చి రాగిరంగులో విచ్చుకుంటుంది. ఆ రాగి ముదురు ఎరుపై, చివరికి నల్లబడుతుంది. ఒకే మొక్క మీద మూడు రంగులు ఒకేసారి కనిపిస్తే అది చాలావరకు ఇదే. దీన్ని రోజో కాంగో అనే ఇంకో ఫిలోడెండ్రాన్‌తో కలిపేస్తుంటారు. దానిదీ ఎర్రచిగురే, కానీ కాడలు ఇంకా పొడవు, ఎరుపు కొట్టొచ్చినట్టుంటుంది, ముదిరిన ఆకులు నలుపుకు తిరక్కుండా పచ్చగా తేలతాయి.

రేవెన్ విషయంలో నేనే భయపడ్డాను. నల్లమొక్క అని కొంటే నెల తిరక్కుండా మధ్యలోంచి చిలకపచ్చ మొలక ఒకటి వచ్చింది. మామూలు జెడ్‌జెడ్‌ను అంటగట్టారేమోనని ఒకటే టెన్షన్. దాని స్వభావమే అంత. చిగురు నిగనిగలాడే లేతపచ్చగా వచ్చి, మెల్లగా కాడ దగ్గర్నుంచి నల్లబడుతుంది. మా ఇంట్లో ఆ మొలక పూర్తిగా నల్లబడటానికి రెండు నెలలు దాటింది. కొరియాలో బయటపడిన రకమిది, అసలు పేరు డోవాన్. ముదిరిన కాడలు కూడా పచ్చగానే ఉంటే అది రేవెన్ కాదు, డబ్బు పెట్టకండి.

బ్లాక్ వెల్వెట్‌ను ఒకసారి చూస్తే ఇంక మర్చిపోరు. అరచేతికి మించని ఆకు, మెరుపు లేని మఖమల్ నలుపు, దాని మీద వెండి ఈనెలు. అమ్మేచోట పక్కనే పాలీ అనే ఇంకో అలొకేషియా ఉంటుంది. దాని ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది, అంచులు వంపులు తిరిగి ఉంటాయి. వెల్వెట్ అంచు నున్నగా ఉంటుంది. సందేహమొస్తే వేలి వెనకవైపుతో మెల్లగా తాకండి, పేరెందుకు వచ్చిందో తెలుస్తుంది.

ఇక వెలుతురు. ఆకు నల్లగా ఉంది కదా, చీకట్లో బతుకుతుందనుకుంటారు చాలామంది. నేనూ రేవెన్‌ను హాల్లో టీవీ పక్క మూలన పెట్టాను. చావలేదు, కానీ ఏడాదిలో వచ్చిన రెండు కొత్త కాడలూ సన్నగా సాగి పక్కకు వాలాయి. ఆ నలుపు ఆంథోసయనిన్ అనే రంగుద్రవ్యం వల్ల వస్తుంది. వంకాయ తొక్కలో, నేరేడు పండులో ఉండేదీ ఆ జాతి రంగే. దాని చాటున మామూలు పత్రహరితం ఉంటుంది, ఆహారం తయారయ్యేది దానితోనే. కాబట్టి మామూలు మొక్కకు ఎంత వెలుతురు కావాలో దీనికీ అంతే కావాలి, వీలైతే ఇంకాస్త ఎక్కువ. బర్గండీని ఒక వానాకాలం లోపల ఉంచితే కొత్తాకులు నలుపు తప్పి పాచిరంగులో వచ్చాయి. తూర్పు బాల్కనీకి మార్చాక వచ్చినవి మళ్లీ నల్లగా వచ్చాయి. మా ఇంట్లో బర్గండీకి పొద్దున పది దాకా ఎండ నేరుగా తగులుతుంది. మిగతా మూడింటినీ తూర్పు కిటికీ నుంచి మూడడుగుల లోపు, పల్చటి కర్టెన్ వెనక ఉంచాను.

నీళ్ల దగ్గర మాత్రం ఒకే లెక్క పనికిరాదు. మట్టి కింద ఏముందో దాన్ని బట్టి పోయాలి. రేవెన్ కుండీ తిరగేస్తే బంగాళాదుంపల్లాంటి దుంపలు కనిపిస్తాయి, అవే దాని నీళ్లతొట్టెలు. దీని సొంత ఊరు తూర్పు ఆఫ్రికా, ఎండకాలం దాటడానికి చేసుకున్న ఏర్పాటది. వేసవిలో ఇరవై రోజులకోసారి, చలికాలంలో నెలకోసారి పోస్తున్నాను. నాలుగేళ్లలో ఒక్క దుంప కుళ్లలేదు. రబ్బరుకు వేసవిలో వారానికి రెండుసార్లు, వానల్లో పది రోజులకోసారి. కార్డినల్‌కు పైన అంగుళం మట్టి ఆరితే చాలు, పోసేయొచ్చు. వెల్వెట్‌ను పూర్తిగా ఎండనివ్వకూడదు, నానబెట్టకూడదు. అందుకే దాన్ని మట్టిలో పెట్టలేదు. కోకోపీట్ (కొబ్బరిపొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతిగుళ్లు), ఆర్కిడ్లకు వాడే చెక్కముక్కలు సమానంగా కలిపి అందులో నాటాను.

మట్టి గురించి ఇంకో మాట. నేను కొన్న మొక్కల్లో రెండు గట్టి బంకమట్టి ముద్దతో వచ్చాయి. ఆ ముద్దను అలాగే తెచ్చి కోకోపీట్ మధ్యలో పెడితే, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, లోపలి వేళ్లకు అందవు. లేదా ఒకసారి నానాక వారాల తరబడి ఆరదు. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, వేళ్లతో మెల్లగా సగం మట్టయినా విడదీశాకే కుండీ మార్చండి. అంతా దులిపేయాలని చూస్తే సన్నవేళ్లు తెగుతాయి.

మాది బోరు నీరు, ఉప్పు ఎక్కువ. అది నల్లాకు మీద దాగదు, ఎండిన ప్రతి చుక్కా తెల్లటి వలయమై కూర్చుంటుంది. ఆర్‌వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా కాకూడదని రెండు నెలలు మొక్కలకు పోశాను. ఆ నీళ్లలో ఉప్పులు బోరు నీళ్లకన్నా ఎక్కువ. కార్డినల్ ఆకుల చివర్లు వరసగా మాడాయి. అవి ఆపేసి వాననీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తున్నాను. కొత్తాకుల చివర్లు బాగున్నాయి. దుమ్ము పడితే తడిబట్టతో తుడవడమే, కింద చెయ్యి ఆనించి. మెరుపు కోసం కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్లున్నారు, వద్దు. రాసినచోటే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. వెల్వెట్‌ను బట్టతో కూడా రుద్దకూడదు, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దులుపుతాను.

ఏప్రిల్, మే నెలల్లో వెల్వెట్ ఆకు వెనక చూస్తూ ఉండండి. గాలి పొడిబారితే ఎర్రనల్లి వస్తుంది. మొదట ఈనెల పక్కన సన్నటి బూజులా, ఆకు మీద సూదిమొనంత లేతచుక్కలు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట వెనకవైపు కొడతాను, వారం తేడాతో మూడుసార్లు.

నాలుగూ పిల్లలు, పెంపుడు జంతువులు నోట పెట్టకూడనివే. చేమ కుటుంబానివైన మూడింట్లోనూ కంద కోస్తే చేతులు దురదపెట్టించే ఆ సూదుల్లాంటి స్ఫటికాలే ఉంటాయి. రబ్బరు పాలు చర్మానికి మంట, బట్టకు అంటితే వదలవు. కొమ్మ కత్తిరించేటప్పుడు కింద పాత పేపరు పరవండి.

ఇప్పుడు కొనాలంటే ఏది? తరచూ ఊళ్లు తిరిగేవాళ్లు రేవెన్ తీసుకోండి. ధర ఎక్కువే, పెరుగుదల నెమ్మదే, అయినా ఇంత నమ్మకమైన మొక్క ఇంకోటి నా దగ్గర లేదు. బాల్కనీ ఉండి, పొద్దుటెండ వస్తే బర్గండీ. అది మన దేశపు చెట్టే, మేఘాలయలో ఖాసీలు, జైంతియాలు వాగుల మీద పెంచుకునే వేళ్ల వంతెనలు ఈ జాతివే. చోటు మార్చినప్పుడు నాలుగాకులు రాలుస్తుంది, కంగారుపడి మళ్లీ మార్చకండి. కార్డినల్ అంటే నాకు ఇష్టం ఎక్కువ. అంత మాడ్చినా తిరిగి పదకొండు ఆకులు వేసింది. ఎండ నేరుగా తగలకుండా చూసుకుంటే అంతకుమించి ఏమీ అడగదు.

వెల్వెట్‌ను మొదటి మొక్కగా కొనమని ఎవరికీ చెప్పను. 2023 జనవరిలో దాని ఆకులన్నీ ఒక్కొక్కటే వాలిపోయాయి, కుండీలో మోడు మిగిలింది. పారేసే ముందు కుండీ కుమ్మరించి చూశాను. వేళ్ల మధ్య గోధుమరంగు గింజలు, శనగగింజంత, గట్టిగా ఉన్నాయి. పై పొట్టు గోటితో వలిస్తే లోపల తెల్లగా, ఒక పక్క చిన్న మొన. అవి పిల్లదుంపలు. ఐదింటిని తడి కోకోపీట్ వేసిన స్వీటు డబ్బాలో మొన పైకి ఉండేలా పెట్టి మూతపెట్టాను. నాలుగో వారంలో మూడింటికి తెల్లటి ములుకులు లేచాయి. ఒకటి కడియం వెళ్లింది, అత్తయ్య దగ్గరికి. అక్కడి తేమగాలికి దాని ఆకులు నా మొక్క ఆకులకన్నా పెద్దగా వచ్చాయని మొన్న ఫోన్‌లో చెప్పారు.