సగం ధరకే డైమండ్స్ అంటూ పిల్లల్ని పట్టుకుంటున్నారు, ఫ్రీ ఫైర్ ఆడే పిల్లలున్నవాళ్లు జాగ్రత్త

ఆటలో పరిచయమై "బ్రో, డైమండ్స్ సగం రేటుకే వేస్తా" అనేవాళ్ల దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టకండి, మీ పిల్లల్ని పెట్టనివ్వకండి. మా ఇంట్లో ఈ బేరం వల్ల డబ్బు పోయింది, ఆట ఐడీ పోయింది. అవి పోతే పోయాయి, ఎనిమిదో తరగతి చదివే మా వాడు కొన్నాళ్లపాటు సరిగ్గా అన్నం తినక, అడిగితే పలక్క, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ ఉన్నాడు. పరీక్షల టెన్షన్ ఏమో అనుకున్నాం. అసలు సంగతి బయటపడ్డాక అడిగి చూస్తే మా వీధిలోనే ఇంకో ఇద్దరు పిల్లలు అదే మనిషి దగ్గర కొంటున్నారని తెలిసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆట గురించి తెలియని తల్లిదండ్రుల కోసం కాస్త చెప్తాను. డైమండ్స్ అంటే ఫ్రీ ఫైర్ లోపల చెల్లే డబ్బు. మనం అసలు డబ్బు పెట్టి అవి కొంటే, వాటితో పిల్లలు బండిల్స్ (బొమ్మకి వేసే డ్రెస్ సెట్లు), గన్ స్కిన్లు (తుపాకీకి రంగుల డిజైన్లు), బూయా పాస్ (ఆడేకొద్దీ బహుమతులిచ్చే పాస్) కొనుక్కుంటారు. స్క్వాడ్‌లో, అంటే కలిసి ఆడే నలుగురి జట్టులో, ముగ్గురికీ కొత్త బండిల్ ఉండి తనొక్కడికే లేకపోతే ఆ వయసులో అది చాలా పెద్ద విషయం, అమ్మేవాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. మామూలు ఫ్రీ ఫైర్‌ని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, ఇప్పుడు మన పిల్లలు ఆడుతున్నది దాని ఇంకో రూపమైన ఫ్రీ ఫైర్ మ్యాక్స్. "పాత ఫ్రీ ఫైర్ ఏపీకే ఇస్తాం, దాంట్లో డైమండ్స్ ఫ్రీ" అని కూడా లింకులు తిరుగుతున్నాయి (ఏపీకే అంటే ప్లే స్టోర్ బయట నుంచి ఎక్కించుకునే యాప్ ఫైల్), వాటి జోలికి అసలు వెళ్లొద్దు.

మా వాడికి ఈ మనిషి స్క్వాడ్‌లో మైక్ ద్వారా పరిచయమయ్యాడు. శుభ్రమైన తెలుగు, మన ఊళ్లల్లో కుర్రాళ్లు మాట్లాడుకునే యాసే. ఆటలో మా వాడు పడిపోతే రెండు మూడుసార్లు రివైవ్ చేశాడట, అంటే మళ్లీ లేపి ఆడనిచ్చాడట, "తమ్ముడూ" అని పిలిచేవాడట, ఇంకేముంది, మా వాడికి అన్నయ్య దొరికాడు. తర్వాత వాట్సాప్ నంబర్ ఇచ్చి ఒక గ్రూపులో చేర్చాడు. ఆ గ్రూపు నిండా "థాంక్యూ అన్నా, వచ్చేశాయి" అనే మెసేజ్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు. మొదట 100 రూపాయల ఆర్డర్. మా ఆయన్ని అడిగే పంపించాడు, అడిగింది యూఐడీ (ఆటలో ఒక్కొక్కరికీ ఉండే గుర్తింపు నంబర్) ఒక్కటే, కాసేపటికే డైమండ్స్ పడ్డాయి. నిజంగానే పడ్డాయి. వాళ్ల పద్ధతే అది, మొదటి ఆర్డర్ ఇచ్చి నమ్మిస్తారు.

రెండోసారి పెద్ద ఆఫర్. "ఇది స్పెషల్ ప్యాక్ తమ్ముడూ, ఐడీలోకి లాగిన్ అయి వేయాలి, పాస్‌వర్డ్ పంపు" అన్నాడు. పంపాడు. ఆ తర్వాత ఓటీపీ అడిగాడు, అదీ పంపాడు. అంతే, ఐడీకి కట్టి ఉన్న ఫేస్‌బుక్ ఖాతాలో నంబర్, మెయిల్ రెండూ మార్చేశాడు. ఇక్కడ ఒకటి గమనించండి, చాలా ఇళ్లలో పిల్లల ఆట ఐడీ నాన్న జీమెయిల్‌తో లాగిన్ అయి ఉంటుంది. ఆ జీమెయిల్ ఓటీపీ వాడి చేతిలో పడితే ఇంట్లోవాళ్ల ఫొటోలు, కాంటాక్ట్ నంబర్లు, మెయిల్‌కి వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ వాడివే.

ఐడీ చేతికి చిక్కాక భాష మారిపోయింది. నేను ఆ చాట్ మొత్తం చదివాను. "900 కొట్టు, ఐడీ ఇచ్చేస్తా." మా ఆయన ఫోన్‌లోంచి కొట్టాడు. "ఇంకో 950 కొట్టు, ఇంట్లో చెప్పావా పర్మనెంట్ బ్యాన్ కొట్టిస్తా, మీ నాన్నకి నేనే ఫోన్ చేసి నువ్వే దొంగతనం చేశావని చెప్తా." ఈ 900, 950 లెక్క ఊరికే కాదు. యూపీఐ లైట్ అంటే చిన్న చెల్లింపుల కోసం యాప్‌లో ముందే కొంత డబ్బు వేసి ఉంచుకునేది, దాంట్లో ఒక్కసారికి 1000 రూపాయల వరకు పిన్ లేకుండానే వెళ్లిపోతుంది. "మీ నాన్న ఏ యాప్ వాడతాడు, లైట్ ఆన్‌లో ఉందా" అని ఆ అమ్మేవాడు ముందే అడిగి తెలుసుకున్నాడు. లైట్‌లో మామూలుగా 5000 కంటే ఎక్కువ ఉండదు కానీ, ఆటో టాప్-అప్ ఆన్‌లో ఉంటే అయిపోయినప్పుడల్లా ఖాతాలోంచి మళ్లీ నిండుతుంది. పైగా లైట్ చెల్లింపులు బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్కొక్కటిగా పడవు, లైట్‌లోకి వేసుకున్న మొత్తమే కనిపిస్తుంది. మా ఆయన పాలకీ కూరలకీ దాన్నే వాడతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంక ఆఖరి మెసేజ్. "డబ్బు లేకపోతే పర్లేదు, రాత్రి పడుకునే ముందు గది తలుపేసుకుని వీడియో కాల్‌కి రా, ఫేస్ వెరిఫికేషన్ చేస్తా." ఆ రోజే మా వాడు ఏడుస్తూ వాళ్ల అక్కకి చెప్పాడు. చెప్పాడు కాబట్టి కాల్ దాకా పోలేదు. ఆ మెసేజ్ చదువుతుంటే నాకు చేతులు వణికాయి. పోయిన డబ్బు సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేదు.

కొనేవాళ్లు పట్టుకోవాల్సిన గుర్తు ఒక్కటే. కంపెనీ సొంత టాప్-అప్ పేజీలో గానీ, ఆట లోపల ప్లే స్టోర్ ద్వారా గానీ కొంటే పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పనక్కర్లేదు. టాప్-అప్ పేజీలో యూఐడీ కొడితే పిల్లాడి నిక్‌నేమ్ కనబడుతుంది, చూసుకుని డబ్బు కట్టడమే. ఐడీ లాగిన్, ఓటీపీ, స్క్రీన్ షేర్, ఈ మూడింట్లో ఏది అడిగినా అక్కడితో మాట ఆపేసి బ్లాక్ చేయాలి. సగం ధరకి వచ్చే డైమండ్స్ చాలాసార్లు దొంగిలించిన కార్డులతో కొన్నవి అయి ఉంటాయి. ఆ కార్డు అసలు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకుంటే ఆట కంపెనీ మన పిల్లాడి ఖాతా మీదే చర్య తీసుకుంటుంది. ఇంకొకటి, ప్లే స్టోర్‌లో పొరపాటున కొంటే 48 గంటల్లోపు రీఫండ్ అడగొచ్చు. తెలియనివాడి క్యూఆర్ కోడ్‌కి కొట్టిన డబ్బుకి ఆ దారి లేదు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం అయ్యేకొద్దీ వాడు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి లాగేస్తాడు, ముందుగా చెప్తే ఎక్కడున్న సొమ్మును అక్కడే ఆపే అవకాశం ఉంటుంది. యాప్ హిస్టరీలో ప్రతి చెల్లింపు కిందా 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, అదీ, తేదీ, మొత్తం, వాడి యూపీఐ ఐడీ ఒక కాగితం మీద రాసుకుని చేస్తే పని త్వరగా అవుతుంది. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాతపూర్వకంగా పెట్టండి. పిల్లల్ని ఫొటోలు, వీడియోలు అడిగిన కేసులకి అందులో వేరే విభాగమే ఉంది, పేరు చెప్పకుండా కూడా అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. పిల్లలకి ఏ ప్రమాదం వచ్చినా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. దేవుడి దయవల్ల మాకు అవసరపడలేదు గానీ, ఎవరి పిల్లలైనా ఇప్పటికే అలాంటి ఫొటో పంపి ఉంటే అడిగిన డబ్బు కట్టకండి, ఒకసారి కడితే ఇంకోసారి అడుగుతారు. అమెరికాలోని ఒక పిల్లల రక్షణ సంస్థ నడిపే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి బయటికి వెళ్లదు, దాని నుంచి తయారైన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి ఆ కోడ్‌తో పోల్చి ఆ ఫొటోని తీసేస్తాయి.

ఫోన్‌లో మేం మార్చినవి చెప్తాను, పెద్ద పనేం కాదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఆ ఆట పేరు నొక్కి, పర్మిషన్స్‌లో మైక్రోఫోన్ తీసేశాం. ఆట ఆడొచ్చు, తెలియనివాళ్లతో మాట్లాడటం కుదరదు. స్కూలు స్నేహితులతో ఆడేటప్పుడు మా ముందే ఆన్ చేసుకుంటాడు, హాల్లో కూర్చుని, ఇయర్‌ఫోన్స్ లేకుండా. ప్లే స్టోర్‌లో పర్చేజ్ వెరిఫికేషన్, అంటే కొనేముందు పాస్‌వర్డ్ లాంటిది, ప్రతిసారీ అడిగేలా పెట్టాం. యూపీఐ లైట్ తీసేశాం, మీకు అది కావాలనుకుంటే కనీసం ఆటో టాప్-అప్ ఆపండి. ఆట కట్టి ఉన్న ఖాతాకి టూ-స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడగడం) పెట్టాం, కోడ్ నా ఫోన్‌కి వస్తుంది. చిన్నపిల్లలు రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతుంటే మీ ఖాతాని పేరెంట్‌గా జోడించండి, నెలకి ఇంతకు మించి ఖర్చు పెట్టకుండా హద్దు పెట్టొచ్చు, చాట్‌ని కూడా అక్కడి నుంచే కట్టడి చేయొచ్చు. బీజీఎంఐ (పబ్జీ లాంటి తుపాకీల ఆట)లో 18 ఏళ్లలోపు వాళ్లకి తల్లిదండ్రుల ఓటీపీ, రోజుకి 3 గంటల పరిమితి అని నియమాలున్నాయి గానీ, పిల్లాడు 18 నిండాయని నొక్కేస్తే అవన్నీ పోతాయి. ఏ వయసు పెట్టాడో ఒకసారి మీ కళ్లతో చూడండి.

ఒక మాట గట్టిగా చెప్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. సంగతి తెలిశాక మా అత్తగారు, మరిది, అందరూ ఫోన్ లాగేసుకోమన్నారు. మేం లాక్కోలేదు. వాడు ఇన్నాళ్లూ నోరు విప్పనిది ఫోన్ పోతుందనే భయంతోనే, ఆ అమ్మేవాడు ఆడుకున్నదీ ఆ భయంతోనే. "ఎవడైనా నిన్ను బెదిరించినా, ఇంట్లో చెప్పొద్దన్నా వెంటనే మా దగ్గరికి రా, ఫోన్ తీసుకోం, కొట్టం, తిట్టం" అని మా ఆయన వాడితో కూర్చుని చెప్పారు. ఆ తర్వాతే మిగతా మెసేజ్‌లు, రెండో నంబర్, గ్రూపు పేరు, అన్నీ వాడంతట వాడే చూపించాడు. ఫిర్యాదుకి పనికొచ్చింది అవే.

ఫిర్యాదు నడుస్తోంది. ఆ మనిషి నంబర్ మార్చి, గ్రూపు పేరు మార్చి ఇంకా అమ్ముతున్నాడు, మా వీధి పిల్లాడికి మళ్లీ ఆఫర్ వచ్చింది. డబ్బు పోకపోయినా ఇలాంటి ఆఫర్ మెసేజ్ వస్తే ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో మోసపు కాల్స్, మెసేజ్‌ల మీద ఫిర్యాదుకి ఉన్న చక్షు విభాగంలో ఆ నంబర్ ఇవ్వండి. డబ్బు పోయినవాళ్లు మాత్రం 1930కే చేయాలి. కోపంతో గ్రూపులోంచి బయటికి వచ్చేసి చాట్ డిలీట్ చేయకండి, ముందు నంబర్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, చాట్‌ని మెయిల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసుకుని, ఆ తర్వాతే బ్లాక్ చేయండి.