వేటు ఎన్ని మ్యాచ్‌లు? చోటు ఎవరి జట్టులో? బేస్‌బాల్‌లో ఏ పద్ధతి మేలు

2023 జూన్ 28 రాత్రి ఓక్లండ్‌లో న్యూయార్క్ యాంకీస్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) డొమింగో హెర్మాన్ 27 మంది బ్యాటర్లను వరుసగా, ఒక్కరికి కూడా మొదటి బేస్ దక్కనివ్వకుండా వెనక్కి పంపాడు. వేసినవి 99 బంతులు, స్ట్రైకౌట్లు 9, స్కోరు 11-0. ఉత్తర అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ సుదీర్ఘ చరిత్రలో అది 24వ పర్ఫెక్ట్ గేమ్. న్యూజెర్సీలో ఉండే మా బావగారు యాంకీస్ అంటే ప్రాణం పెట్టే మనిషి. అక్కడ అర్ధరాత్రి, హైదరాబాద్‌లో అప్పటికే పొద్దెక్కిన వేళ ఆయన ఫోన్ చేసి, సంబరం సగమే వినిపిస్తున్న గొంతుతో, ‘చప్పట్లు కొట్టాలంటావా, ఊరుకోవాలంటావా?’ అని అడిగారు. ఆ సందేహానికి కారణం ఉంది. గృహహింస వ్యవహారంలో 81 మ్యాచ్‌ల వేటు పడి 2020 సీజన్ మొత్తానికి దూరమైనవాడు ఈ హెర్మానే. చేతికి జిగురు పదార్థం అంటించుకున్నాడని ఆ పర్ఫెక్ట్ గేమ్‌కు నెలన్నర ముందు మరో 10 మ్యాచ్‌ల వేటు పడినవాడూ ఇతడే.

ఇలాంటి ఆటగాళ్ల విషయంలో అభిమానుల మధ్య సాగే వాదన ఎప్పుడూ రెండు ప్రశ్నలను కలగాపులగం చేస్తుంది. లీగ్ ఎన్ని మ్యాచ్‌ల వేటు వేయాలన్నది ఒకటి. ఆ వేటు ముగిశాక, లేదా ముగియకముందే, అతడికి జట్టులో చోటు ఎవరివ్వాలన్నది రెండోది. మొదటిది న్యాయానికి సంబంధించినట్టు, రెండోది వ్యాపారానికి సంబంధించినట్టు పైకి కనిపిస్తాయి. పదేళ్ల వ్యవహారం చూశాక, ఆటగాడి మీద పడే అసలు బరువు రెండో ప్రశ్న దగ్గరే తేలుతోందని నాకు అనిపిస్తోంది. అయినా వరుసలో మొదటిదే ముందు చూద్దాం.

2016 సీజన్ ఒక్కటి చాలు, తేడా కళ్లకు కట్టడానికి. ముందు ఏడాది నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచిన డీ గోర్డన్ నిషేధిత ఉత్ప్రేరకాల పరీక్షలో దొరికిపోయాడు, 80 మ్యాచ్‌లు. అదే వసంతంలో, ఇంట్లో గొడవ జరిగిన రాత్రి గరాజ్‌లో ఎనిమిది తూటాలు పేల్చాడని పోలీసు నివేదికలో నమోదైన అరోల్డిస్ చాప్‌మన్‌కు 30 మ్యాచ్‌లు. క్రిమినల్ కేసు పెట్టలేదు నిజమే, కానీ తుపాకీ వాడకాన్ని లీగ్ అధిపతి అయిన కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ ప్రత్యేకంగా ఎత్తిచూపి మరీ వేసిన వేటు అది. గృహహింస వ్యవహారాల్లోనే హెక్టర్ ఒలివేరాకు 82 మ్యాచ్‌లు. హొసే రేయెస్‌కు మే 31 వరకు. సూదిమందుకు ఉన్న తూకం చేయిచేసుకోవడానికి లేదేమిటని అభిమాని అడిగితే తప్పు పట్టలేం.

ఉత్ప్రేరకాలకు ఉన్నది మెట్ల పద్ధతి. 2014 నుంచి మొదటిసారి దొరికితే 80 మ్యాచ్‌లు, రెండోసారి 162, అంటే పూర్తి సీజన్, మూడోసారి శాశ్వత బహిష్కారం. ఆటగాడు ఎవరు, ఏ జట్టు, ఎంత జీతం అన్న ప్రశ్నలకు అక్కడ తావు లేదు. 2022 ఆగస్టులో సాన్ డియేగో పాడ్రెస్ ఆశలన్నీ మోస్తున్న ఫెర్నాండో టాటిస్ జూనియర్ దొరికినప్పుడు, చర్మవ్యాధి మందు వల్ల అలా జరిగిందని అతడు చెప్పుకున్నా, లెక్క 80 దగ్గర నుంచి కదలలేదు. పైగా ఆ ఏడాది పోస్ట్‌సీజన్‌లో, అంటే అక్టోబరులో జరిగే నాకౌట్ పోటీల్లో, ఆడే అర్హత కూడా పోతుంది. ఎవరికీ మినహాయింపు లేకపోవడమే ఈ పద్ధతి గొప్పతనం. అయితే ఇది నడిచేది ప్రయోగశాల చెప్పే మాట మీద. శరీరంలోకి ఎలా వచ్చిందన్నది పెద్దగా పట్టించుకోనక్కర లేదు, ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగినదానికి అలాంటి పరీక్ష లేదు.

గృహహింస, లైంగిక దాడి, బాలలపై అఘాయిత్యాల విషయంలో లీగ్, ఆటగాళ్ల యూనియన్ కలిసి 2015 ఆగస్టులో తెచ్చిన విధానం అందుకే వేరే దారి పట్టింది. కనిష్ఠమూ లేదు, గరిష్ఠమూ లేదు. కోర్టులో నేరం రుజువు కావలసిన అవసరమూ లేదు. విచారణ సాగుతుండగా ఆటగాణ్ని జీతంతో కూడిన సెలవు మీద పక్కన పెట్టవచ్చు, ఆ తరువాత ఎన్ని మ్యాచ్‌లన్నది కమిషనర్ విచక్షణకు వదిలేశారు. ఇందులో మంచి లేకపోలేదు. 2018లో టొరంటో బ్లూ జేస్ పిచ్చర్ రాబర్టో ఒసూనాపై కేసులో ఫిర్యాదుదారు సాక్ష్యం చెప్పడానికి రాలేదు. ఇకపై సత్ప్రవర్తనతో ఉంటానన్న పూచీకత్తు మీద అభియోగం ఉపసంహరించారు. కోర్టు తీర్పు కోసం ఎదురుచూసే విధానమైతే అక్కడితో కథ ముగిసేది. లీగ్ మాత్రం అంతకుముందే 75 మ్యాచ్‌ల వేటు వేసింది.

చిక్కంతా ఒక అంకె పక్కన మరో అంకె పెట్టినప్పుడు వస్తుంది. అట్లాంటా బ్రేవ్స్ బ్యాటర్ మార్సెల్ ఓజూనాను (పేర్లు దగ్గరగా ఉన్నాయి గాని ఇద్దరూ వేరు) 2021 మేలో అరెస్టు చేసిన పోలీసులు, దాడిని తామే కళ్లారా చూశామని చెప్పారు. అతడికి పడింది 20 మ్యాచ్‌లు. అదీ అప్పటికే ఆడకుండా గడిపిన రోజుల్లో సర్దేయడం వల్ల 2022లో మొదటి మ్యాచ్ నుంచే బరిలోకి దిగాడు. అదే విధానం కింద లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్ ట్రెవర్ బావర్‌కు 324 మ్యాచ్‌లు. అతడు ఆరోపణలను పూర్తిగా ఖండించాడు, ప్రాసిక్యూటర్లు కేసు పెట్టలేదు, మధ్యవర్తి ఆ వేటును 194కు తగ్గించాడు. ఈ రెండు వ్యవహారాల్లో ఆరోపణల స్వభావమే వేరు కావచ్చు, విచారణలో బయటికి రాని సంగతులు కమిషనర్ ముందు ఉండి ఉండవచ్చు. కానీ తేడా ఎందుకు వచ్చిందో చెప్పే కారణాలు పూర్తిగా ప్రచురించరు, రెండు పేరాల ప్రకటనతో సరి. కారణం చెప్పని చోట అభిమాని తనకు తోచిన కారణం ఊహించుకుంటాడు. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అన్న మాట అక్కడే పుడుతుంది.

ఈ రెండింటికీ నడుమ మూడో దారి ఒకటి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ప్రయత్నించింది. గృహహింస వ్యవహారంలో రే రైస్ అనే ఆటగాడికి రెండే మ్యాచ్‌ల వేటు వేసి అల్లరిపాలయ్యాక, 2014 ఆగస్టులో గృహహింసకు మొదటిసారి ప్రాథమికంగా ఆరు మ్యాచ్‌లని ప్రకటించి, పరిస్థితులను బట్టి పెంచే తగ్గించే వీలు ఉంచుకుంది. అప్పటి 16 మ్యాచ్‌ల సీజన్‌లో ఆరు చిన్న మాటేమీ కాదు. కానీ రెండేళ్లు తిరగకుండానే న్యూయార్క్ జెయింట్స్ కిక్కర్ జాష్ బ్రౌన్‌కు ఒక్క మ్యాచ్‌తో సరిపెట్టింది. మరిన్ని వివరాలు బయటపడి జట్టే అతణ్ని వదిలించుకోవలసి వచ్చాక గాని ఆ ఆరు ఎంత మెత్తటి ఆరో తెలియలేదు.

మూడింటిలో నా ఓటు ఈ మూడోదానికే, అయితే ఒక షరతు మీద. కనిష్ఠం నుంచి కిందికి దిగాలంటే కమిషనర్ కారణాలు రాసి, బాధితుల గుర్తింపు తెలియకుండా, ప్రచురించాలి. పూర్తి మెట్ల పద్ధతిని నేను కోరకపోవడానికి ఒక పెద్ద కారణం ఉంది: మొదటి తప్పుకే సగం సీజన్ జీతం పోతుందని తెలిస్తే, ఆ జీతం మీదే ఇల్లు గడుస్తున్న భార్య ఫోన్ ఎత్తి పోలీసులను పిలవడానికి వెనకాడుతుంది. బాధితుల తరఫున పనిచేసేవారు ఎప్పటి నుంచో చెబుతున్న మాటే ఇది. కారణాలు రాయాలన్న షరతు ఎందుకో మన హైదరాబాదీలకు వేరే చెప్పనక్కర లేదు. అజారుద్దీన్‌పై బీసీసీఐ 2000లో వేసిన జీవితకాల నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చినప్పుడు, అప్పటికి పన్నెండేళ్లు గడిచిపోయాయి, అతడి ఆట ఎప్పుడో ముగిసిపోయింది. అక్కడి నేరారోపణ వేరు, మ్యాచ్ ఫిక్సింగ్. కానీ గట్టి ప్రక్రియ లేని శిక్ష రెండు వైపులా అన్యాయం చేస్తుందన్న సంగతి ఒకటే.

పోస్ట్‌సీజన్ విషయంలో నాకు సందేహమే లేదు. ఉత్ప్రేరకం వాడినవాడు అక్టోబరులో ఆడకూడదన్నప్పుడు, ఇంట్లో చేయి ఎత్తినందుకు వేటు పడినవాడు అదే అక్టోబరులో బంతి పట్టుకుని మైదానంలో నిలబడడం ఏ తర్కానికీ అందదు. చాప్‌మన్ 2016లో, ఒసూనా 2018లో, హూలియో ఉరియాస్ 2019లో అలాగే నిలబడ్డారు. ఉరియాస్‌కు ఆ ఏడాది పడింది 20 మ్యాచ్‌లు. 2023లో మళ్లీ అరెస్టయ్యి, ఈ విధానం కింద రెండుసార్లు వేటు పడిన మొదటి ఆటగాడయ్యాడు.

ఇక జట్ల సంగతి. జట్టు ముందు ఉండే దారులు మూడు: వదిలేయడం, ఉంచుకోవడం, పక్క జట్టు వదిలించుకుంటున్నవాణ్ని కొనుక్కోవడం. అభిమానుల్లో ఎక్కువమంది మొదటిదానికి మార్కులన్నీ వేసేస్తారు. నేను అంత తొందరపడను. 2016లో కొలరాడో రాకీస్ జట్టు కోట్ల డాలర్ల జీతం ఇంకా బాకీ ఉన్నా రేయెస్‌ను వదిలేసింది. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఆ ఏప్రిల్‌లో అతడు ఆడే షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో ట్రెవర్ స్టోరీ అనే కొత్త కుర్రాడు మొదటి ఆరు మ్యాచ్‌ల్లోనే ఏడు హోమ్‌రన్లు బాదాడని గుర్తు చేసుకోండి. స్టోరీ విఫలమై ఉంటే రాకీస్ ఏం చేసేదో? ఇటు రాకీస్ వదిలిన కొద్ది రోజులకే న్యూయార్క్ మెట్స్ రేయెస్‌ను కనీస వేతనానికి తెచ్చుకుంది. ఒక ఊళ్లో విలువల కోసం ఖాళీ చేసిన లాకర్ ఇంకో ఊళ్లో చవకగా నిండింది.

ఉంచుకున్నవారి నిజాయితీ కూడా ఇంతే. 40 మ్యాచ్‌ల వేటు పడిన ఆడిసన్ రసెల్‌కు షికాగో కబ్స్ మరో అవకాశం ఇస్తూ, అతడు మారడానికి తోడుంటామంది. 2019 డిసెంబరులో అతణ్ని వదిలేసినప్పుడు జట్టు అధ్యక్షుడు థియో ఎప్‌స్టీన్ చెప్పిన కారణంలో మారడం ఊసే లేదు: వచ్చే ఏడాది అతడికి అనుకున్న పాత్రకు, మధ్యవర్తిత్వంలో రాబోయే జీతానికి పొంతన కుదరలేదన్నారు. మాట సూటిగా ఉన్నందుకు మెచ్చుకోవాలి. మరోవైపు అట్లాంటాలో ఓజూనా 2022 ఆగస్టులో మద్యం తాగి కారు నడిపిన కేసులో మళ్లీ అరెస్టయినా చోటు పోలేదు, 2023లో 40 హోమ్‌రన్లు కొట్టాడు. రసెల్ బ్యాటు పలికి ఉంటే, ఓజూనా బ్యాటు మూగబోయి ఉంటే, ఈ రెండు కథలూ తారుమారయ్యేవి కావా?

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది మూడోది. 2015 డిసెంబరులో చాప్‌మన్‌ను సిన్సినాటి రెడ్స్ నుంచి డాడ్జర్స్ కొనబోతుండగా ఆ రాత్రి సంగతి బయటికి వచ్చి బేరం చెడింది. కొద్ది వారాల్లో యాంకీస్ వచ్చి, పరిస్థితుల వల్ల ధర తగ్గిందని తమ జనరల్ మేనేజరే ఒప్పుకుంటూ, అతణ్ని పట్టుకుపోయింది. ఏడు నెలలకు అతణ్నే కబ్స్‌కు అమ్మి గ్లేబర్ టోరెస్‌తో పాటు మరో ముగ్గురిని రాబట్టింది. ఆ అక్టోబరు, నవంబరుల్లో కబ్స్ 1908 తరువాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. డిసెంబరులో యాంకీస్ 5 ఏళ్లకు 8.6 కోట్ల డాలర్లిచ్చి చాప్‌మన్‌ను మళ్లీ తెచ్చుకుంది. ఈ గొలుసులో నష్టపోయింది ఒక్క రెడ్స్ జట్టే అనిపిస్తుంది. ఒక ఇంట్లో జరిగిన గొడవ బజారులో తగ్గింపు ధరగా మారిపోయింది.

ఒసూనాను హ్యూస్టన్ ఆస్ట్రోస్ కొన్నది 2018 జూలై 30న, వేటు ఇంకా నడుస్తుండగానే. ఇలాంటివి తమ జట్టు ఏమాత్రం సహించదని ఆ రోజే ప్రకటన కూడా చేసింది! ఆ మాట విలువ 2019 అక్టోబరులో తేలింది. యాంకీస్‌పై సిరీస్ గెలిచిన రాత్రి, అంతకు కాసేపటి ముందే ఒసూనా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమం చేసే హోమ్‌రన్ ఇచ్చినా, డ్రెస్సింగ్ రూమ్ సంబరాల్లో సహాయ జనరల్ మేనేజర్ బ్రాండన్ టాబ్‌మన్ ముగ్గురు మహిళా విలేకరుల వైపు తిరిగి, ఒసూనాను తెచ్చుకున్నందుకు దేవుడికి దండం పెడుతున్నట్టు పదే పదే అరిచాడు. వారిలో ఒకరి మణికట్టుకు గృహహింస బాధితులకు సంఘీభావం తెలిపే ఊదారంగు పట్టీ ఉంది. ఆ వార్త తప్పుదోవ పట్టించేదంటూ జట్టు మొదట విలేకరిపైనే విరుచుకుపడి, తరువాత నాలుక కరుచుకుని, టాబ్‌మన్‌ను తీసేసింది.

అందుచేత జట్ల మనస్సాక్షిని నమ్ముకోవడం కంటే బేరం చేసే వీలునే తగ్గించడం మేలని నా అభిప్రాయం. ఒలివేరా చేతులు మారింది కూడా ఒక జూలై 30నే, 2016లో, అతడి వేటూ ఇంకా ముగియకముందే. కొన్న పాడ్రెస్ వెంటనే వదిలేసింది, ఎందుకంటే ఆ లావాదేవీలో అతడు మనిషిగా కాక జీతాల పద్దుగా మాత్రమే ఉన్నాడు. వేటు నడుస్తున్నంత కాలం ఆ ఆటగాణ్ని ఇంకో జట్టుకు మార్చకూడదన్నది ఒక నిబంధన. వేటు రోజుల జీతం జట్టు ఖజానాలో మిగలకూడదన్నది రెండోది. ఇప్పటి లెక్కలో ఆటగాడు తప్పు చేస్తే జట్టుకు డబ్బు ఆదా అవుతోంది, ఆ మొత్తం బాధితులకు ఆశ్రయమిచ్చే సంస్థలకు వెళ్లాలి. ఈ రెండింటికీ ఎవరి మనసూ మారనక్కర లేదు, కాగితం మీద రెండు వాక్యాలు చేరితే చాలు. లీగ్‌కూ యూనియన్‌కూ మధ్య ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. జీతాలకు గరిష్ఠ పరిమితి పెట్టాలా వద్దా అన్న రగడలో ఈ సంగతిని ఆ బల్ల మీదకు ఎవరు తెస్తారన్నదే ఇప్పుడు మా బావగారు, నేను ఫోన్‌లో వాదించుకుంటున్న ప్రశ్న.