కాంగ్స్‌బర్గ్ వెండి తీగ పేరుతో నకిలీవి అమ్ముతున్నారు, జాగ్రత్త: ల్యాబ్ రిపోర్ట్ ఒక్కటే చూసి డబ్బు కట్టకండి

వెండి ఖనిజాల స్పెసిమెన్లు (కలెక్షన్‌లో పెట్టుకునే సహజమైన ముక్కలు) కొనే మనవాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా యూరప్‌లో ఉండి ఆన్‌లైన్‌లోనూ మినరల్ షోల్లోనూ కొనేవాళ్ళు, వాళ్ళ ద్వారా తెప్పించుకునే హైదరాబాద్, విశాఖ మిత్రులు దయచేసి చివరిదాకా చదవండి.

దాదాపు రెండు వేల యూరోలు పెట్టి నేను కొన్న "పాత కాంగ్స్‌బర్గ్ వెండి తీగ" నార్వే గనిలో పుట్టింది కాదు. ఎవరో ఈ మధ్య మంట పెట్టి పెంచిన తీగ అది. విషయం బయటపడ్డాక కూడా అమ్మినాయన డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. వ్యవహారం ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అదే మనిషి అదే పద్ధతిలో ఇప్పటికీ అమ్ముతున్నాడు, అందుకే ఆ పద్ధతి అందరికీ తెలియాలి.

కాంగ్స్‌బర్గ్ గురించి కొత్తవాళ్ళకి కొంచెం చెప్పాలి. నార్వేలో 1623లో అక్కడ వెండి బయటపడింది. మరుసటి ఏడాదే రాజు నాలుగో క్రిస్టియన్ అక్కడ ఊరు కట్టించాడు. గనులు 1958 వరకూ నడిచాయి. రాతి పగుళ్ళలో పేరుకున్న కాల్సైట్ (సున్నపు ఖనిజం) మధ్య వెండి తీగలుగా, కొన్నిసార్లు పొట్టేలు కొమ్ముల్లా మెలి తిరిగి దొరికేది. ప్రపంచంలో ఎక్కడి వెండి తీగనైనా కలెక్టర్లు దీనితోనే పోల్చి చూస్తారు. గనులు మూతపడ్డాయి కాబట్టి కొత్త సరుకు దాదాపు లేనట్టే. మార్కెట్‌కి వచ్చే మంచి ముక్కలన్నీ పాత కలెక్షన్ల నుంచి చేతులు మారుతూ వచ్చినవే. నేను కొన్న తీగలోని వెండిని కరిగించి అమ్మితే వంద యూరోలు కూడా రావు. మిగతా డబ్బంతా మనం కట్టేది అది ఫలానా గనిలో పుట్టిందన్న నమ్మకానికి. మోసం జరిగేదీ అక్కడే.

అమ్మినాయన పెట్టిన ప్రకటన చాలా పద్ధతిగా ఉంది. తెల్లటి కాల్సైట్ మీద నల్లటి అకాంథైట్ అనే వెండి ఖనిజం, దానిలోంచి పైకి లేచి మెలి తిరిగిన వెండి తీగ. పక్కన గోధుమ రంగుకు తిరిగిన పాత చీటీ, చేతిరాత, కింద 1892 అని సంవత్సరం. వీటితో పాటు ఒక ల్యాబ్ ఇచ్చిన ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలు కొలిచే పరీక్ష) రిపోర్ట్: వెండి 99 శాతం పైనే. "టెస్ట్ చేయించాను, సందేహం అక్కర్లేదు" అని ఆయన మెసేజ్‌లో రెండుసార్లు రాశాడు.

ఆ రిపోర్ట్ దొంగది కాదు. ల్యాబ్ నిజంగానే పరీక్ష చేసింది, అది నిజంగా వెండే. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మనం వెండి అనగానే ముందు మేలిమి చూస్తాం, తర్వాత తూకం. మన ఊళ్ళో బంగారం షాపుల్లో క్యారెట్ చూసే మెషీన్ కూడా ఈ ఎక్స్‌ఆర్‌ఎఫే. నగ కొనేటప్పుడు ఆ అలవాటు మనల్ని కాపాడుతుంది. స్పెసిమెన్ కొనేటప్పుడు అదే అలవాటును అమ్మేవాడు వాడుకుంటాడు. ఆ మెషీన్ ఏ మూలకం ఎంత ఉందో చెబుతుంది. ఆ తీగ భూమిలో పెరిగిందా, షెడ్డులో పెరిగిందా అనేది దానికి తెలియదు.

షెడ్డులో తీగలు పెంచడం పెద్ద కష్టం కాదు. అకాంథైట్ అంటే వెండి, గంధకం కలిసిన ఖనిజం. బరువులో 87 శాతం వెండే. చూడటానికి బాగాలేని, చవకగా దొరికే అకాంథైట్ ముక్కని కొన్ని వందల డిగ్రీల వేడికి గురిచేస్తే గంధకం కొంత ఎగిరిపోతుంది, మిగిలిన వెండి తీగలుగా బయటికి తన్నుకొస్తుంది. ప్రకృతిలో కూడా వెండి తీగలు ఇలా అడుగు నుంచే పెరుగుతాయి కాబట్టి పైపైన చూస్తే మెలిక, పొడవునా గీతలు అన్నీ ఒకేలా ఉంటాయి. ఫోటోలో తేడా పట్టడం ఎవరి తరమూ కాదు.

ముక్క చేతికి వచ్చాక లూపుతో (చిన్న భూతద్దంతో) చూస్తే అకాంథైట్ అంచులు మొద్దుబారినట్టు అనిపించింది. తెలిసిన ఖనిజ శాస్త్రవేత్త ఒకరు స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. అకాంథైట్ పైభాగం కరిగి గడ్డకట్టినట్టు గుండ్రంగా, సన్నటి రంధ్రాలతో ఉంది. అంతకంటే ముఖ్యమైనది, అకాంథైట్‌ని విరగ్గొట్టిన ముఖం మీద నుంచి కూడా చిన్న చిన్న తీగలు లేచి ఉన్నాయి. ముక్కని విరిచింది మనిషి. విరిచాక పెరిగిన తీగ 1892 నాటి గనిలోది ఎలా అవుతుంది? ఇది చూశాక నాకు ఇక అనుమానం మిగల్లేదు.

తర్వాత ఆ శాస్త్రవేత్త కాల్సైట్‌కీ అకాంథైట్‌కీ మధ్య సందు చూపించారు. అల్ట్రావయొలెట్ లైటు వేస్తే ఆ సందు పొడవునా నీలంగా ఒక గీత మెరిసింది. కొన్ని కాల్సైట్లు కూడా ఈ లైటుకి మెరుస్తాయి కాబట్టి అక్కడితో ఆగకుండా, దూదితో కొంచెం అసిటోన్ అద్ది చూస్తే ఆ చోటు జిగురుగా మెత్తబడింది. అంటే వేరే ఎక్కడో వేడి చేసిన అకాంథైట్‌ని తెచ్చి కాల్సైట్‌కి అంటించారు. కలిపి వేడి చేసి ఉంటే కాల్సైట్ పగిలి పొడిబారేది, అందుకే ఈ ఏర్పాటు.

రిపోర్ట్‌లో కూడా ఒక ఆనవాలు ఉంది. కాంగ్స్‌బర్గ్ వెండిలో సాధారణంగా పాదరసం కలిసి ఉంటుంది. ఈ రిపోర్ట్‌లో పాదరసం జాడే లేదు. ముక్కకీ ముక్కకీ దాని పాళ్ళు మారతాయి కాబట్టి ఇదొక్కటే చూసి నకిలీ అని తేల్చకూడదు. కానీ మేలిమి ఎక్కువగా ఉండటాన్నే గొప్పగా చూపించి అమ్ముతున్నప్పుడు ఆ అతి శుభ్రతే మనల్ని ఆలోచింపజేయాలి.

ఇక చీటీ. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. పాత కలెక్టర్లు తమ చేత్తో రాసిన చీటీలు ఈ రంగంలో ఒక ముక్కకి ఉన్న వంశవృక్షం లాంటివి. వాటిని పుట్టించడం అంటే చనిపోయినవాళ్ళ సంతకం ఫోర్జరీ చేయడమే. నా చీటీ మీద ఊరి పేరు పక్కన "ఓస్లో దగ్గర" అని రాసి ఉంది. నార్వే రాజధానికి ఓస్లో అన్న పేరు 1925లో వచ్చింది. అంతకుముందు అది క్రిస్టియానియా. 1892లో చీటీ రాసిన కలెక్టర్ రాజధానిని ఓస్లో అని ఎందుకు రాస్తాడు? ఇంకొకటి, అల్ట్రావయొలెట్ లైటు కింద ఆ కాగితం తెల్లగా, నీలంగా వెలిగిపోయింది. కాగితం తెల్లగా కనపడాలని కలిపే రసాయనాల వల్ల అలా వెలుగుతుంది, ఆ రసాయనాలు కాగితంలో వాడకం ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచే. టీ డికాషన్‌తోనో మరోదానితోనో రంగు మార్చిన కొత్త కాగితం అది. ఈ లైటు టార్చ్‌లా చిన్నదే దొరుకుతుంది, ధర కూడా తక్కువే. షోకి వెళ్తే జేబులో పెట్టుకెళ్ళండి. చీటీ మీద లైటు వేయనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇవన్నీ ఫోటోలతో సహా పంపిస్తే అమ్మినాయన జవాబు: "రిపోర్ట్‌లో వెండి అని ఉంది కదా, నేను అమ్మింది వెండి. పైగా ఇది ప్రైవేట్ సేల్, రిటర్న్ లేదు." యూరోపియన్ యూనియన్‌లో వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే సరుకు అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి ఇవ్వచ్చు. ప్రైవేట్ వ్యక్తి అమ్మితే ఆ హక్కు ఉండదు. ఆయన షోల్లో టేబుల్ వేసి వ్యాపారిలా అమ్ముతాడు, ఆన్‌లైన్‌లో మాత్రం వ్యక్తిగత ఖాతా పేరు మీద అమ్ముతాడు. జర్మనీ చట్టం ప్రకారం తెలిసీ లోపాన్ని దాచి అమ్మితే "రిటర్న్ లేదు" అన్న వాక్యం అమ్మినవాడిని కాపాడదు. ఆ దారిలోనే ప్రయత్నం చేస్తున్నాను. డబ్బు కట్టే పద్ధతిలో కూడా ఆయన తెలివి చూపించాడు: కొనుగోలుదారుకి రక్షణ ఉండే పేమెంట్ వద్దు, నేరుగా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే కొంత తగ్గిస్తానన్నాడు. ఎవరైనా మీకు ఆ తగ్గింపు ఇస్తానంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

ఈ రకం మోసం వెండి తీగలతో ఆగదు. ఫెర్న్ ఆకుల్లా తళతళలాడే వెండి స్ఫటికాలు కనిపిస్తుంటాయి, మొరాకో అనో మరో పేరో చెప్పి అమ్ముతారు. వెండి శుద్ధి చేసే ఎలక్ట్రాలిసిస్ తొట్టిలో అడుగున పేరుకునేవి సరిగ్గా అలాగే ఉంటాయి. అడుగున రాయి లేకుండా, ఎక్కడా కాస్తయినా నల్లబడకుండా, విడి ఆకులుగా ఉంటే దూరంగా ఉండండి. అవి కూడా పరీక్షలో మేలిమి వెండే.

గెలీనా అనే సీసపు ఖనిజాన్ని అకాంథైట్ అని అంటగట్టడం పాత పద్ధతి. రెండూ సీసం రంగులో, ఘనాకారంలో ఉండచ్చు. గెలీనా సాంద్రత 7.5 చుట్టూ, అకాంథైట్‌ది 7.3 చుట్టూ, కాబట్టి చేతిలో బరువు చూసి చెప్పలేం. సూది మొనతో వెనక వైపు కనపడని చోట నొక్కితే గెలీనా చిట్లుతుంది, అకాంథైట్‌లో అయితే సీసంలో దిగినట్టు సూది దిగుతుంది. అన్నట్టు, పాత చీటీల మీద ఆర్జెంటైట్ అని ఉంటే కంగారు పడకండి. అదే వెండి, గంధకం సుమారు 177 డిగ్రీల పైన ఘనాకారపు స్ఫటికంగా పుట్టి, చల్లబడ్డాక లోపల అకాంథైట్‌గా మారిపోతుంది, పాతవాళ్ళు ఆకారాన్ని చూసి ఆర్జెంటైట్ అనేవాళ్ళు.

రూబీ సిల్వర్ అనే ఎర్రటి వెండి ఖనిజాల (ప్రూస్టైట్, పైరార్జిరైట్) విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ప్రూస్టైట్‌లో వెండి, గంధకంతో పాటు ఆర్సెనిక్ ఉంటుంది, పైరార్జిరైట్‌లో ఆర్సెనిక్ బదులు యాంటిమొనీ. మంచి ప్రూస్టైట్ ధర చాలా ఎక్కువ, అందుకే పైరార్జిరైట్‌కి ఆ పేరు పెట్టి అమ్ముతారు. వెనక నుంచి గట్టి లైటు వేసి ఫోటో తీస్తే రెండూ ఎర్రగా మండిపోతాయి. పింగాణీ పలక మీద గీస్తే ప్రూస్టైట్ గీత సిందూరపు ఎరుపు, పైరార్జిరైట్ గీత ఊదా కలిసిన ముదురు ఎరుపు. కానీ మంచి స్ఫటికాన్ని ఎవరూ గీయరు కదా. ఇక్కడ మాత్రం ఎక్స్‌ఆర్‌ఎఫ్ నిజంగా పనికొస్తుంది, ఆర్సెనిక్ ఎంత, యాంటిమొనీ ఎంత అని అడగండి. అంటే పరీక్షని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఏ ప్రశ్నకి జవాబుగా ఆ పరీక్ష చేయించారో చూడమంటున్నాను.

ఇవి రెండూ వెలుతురు తగిలితే నల్లబడతాయి. మామూలు గది వెలుతురులో, వెనక లైటు లేకుండా, ఇవాళ తీసిన వీడియో అడగండి. పార్సెల్ వచ్చినప్పుడు కూడా విప్పేది మొదటి నుంచి ఆపకుండా వీడియో తీయండి, ఆ వీడియోలోనే తూకం వేయండి. లేకపోతే పాత ఫోటో చూపించి అమ్మి, నల్లబడిన ముక్క పంపి, "మీ ఇంట్లో ఎండ తగిలి ఉంటుంది" అనేస్తారు. కొన్నాక వాటిని చీకటి డ్రాయర్‌లోనే ఉంచండి.

నేను ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, అదే అమ్మకందారు ఈ వారం చిలీలోని చన్యార్‌సియో గనిది అంటూ ఒక ప్రూస్టైట్ పెట్టాడు. 1832లో హువాన్ గొడోయ్ కనిపెట్టిన ఆ గనుల నుంచే ప్రపంచంలోకెల్లా అందమైన ప్రూస్టైట్ స్ఫటికాలు వచ్చాయి, కాబట్టి ధర ఎలా ఉందో ఊహించుకోవచ్చు. పక్కన మళ్ళీ గోధుమ రంగు చీటీ. దాని మీద ఉన్న కలెక్షన్ పేరు వేరు, నా చీటీ మీదున్న పేరు వేరు. చేతిరాత మాత్రం ఒకటే. ఏడు అంకెకి మధ్యలో పెట్టిన అడ్డగీత, ముందుకి వాలిన పెద్ద అక్షరాలు, చివర సంవత్సరం కింద గీసిన జంట గీతలు అచ్చం అలాగే ఉన్నాయి.

ఆ ముక్క మీద ఎవరికైనా మనసు ఉంటే డబ్బు కట్టే ముందు ఆయన్ని ఇవి అడగండి: అల్ట్రావయొలెట్ లైటులో చీటీ ఫోటో, రాయికీ స్ఫటికానికీ మధ్య సందు దగ్గరి ఫోటో, అడుగు భాగం ఫోటో, ఆర్సెనిక్, యాంటిమొనీ అంకెలు, అంతకుముందు ఎవరి దగ్గర కొన్నాడో దాని బిల్లు. నా చీటీ ఫోటోలు, మైక్రోస్కోప్ ఫోటోలు నా దగ్గరున్నాయి. పోల్చి చూసుకోవాలనుకునేవాళ్ళు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. ఇంతకుముందే ఆయన దగ్గర వెండి ముక్కలు కొన్నవాళ్ళు కూడా చెప్పండి, ఫిర్యాదులో మీ ముక్కల వివరాలు కూడా చేర్పిద్దాం.