3 నెలల వైరింగ్ కోర్సు, సగం లెక్కల క్లాసే

సెంటర్ పేరు రాయట్లేదు, ఎందుకంటే మెచ్చుకోవడంతో పాటు కాస్త తిట్టడం కూడా ఉంది. ఖమ్మంలో సాయంత్రం పూట నడిచే హౌస్ వైరింగ్, మోటార్ల కోర్సు, ఫీజు 7,500. నేను పదో తరగతిలో లెక్కలు బొటాబొటీగా గట్టెక్కినవాణ్ణి. 9 ఏళ్లుగా మా మామ దగ్గర ఇదే పని, గోడకు గాడి కొట్టడం దగ్గర్నుంచి బోర్డు బిగించడం దాకా అన్నీ వచ్చు. అయినా ఎందుకు చేరానంటే, ఒక ఇంట్లో గీజర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్ మూడూ ఒకే లైను మీద పడి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయి లైను ఆపేసే స్విచ్) మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే, మేం దాన్ని తీసేసి 32 వేసి వచ్చేశాం. ట్రిప్ అవ్వడం ఆగింది. నాలుగు నెలలకు బోర్డు విప్పి చూస్తే వైరు తొడుగు మాడి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. తప్పు మాదే.

ఆ సంగతి మొదటి వారం సార్‌కి చెప్తే తిట్టలేదు, బోర్డు మీద రాయించాడు. 2000, 1000, 1500 కలిపితే 4500 వాట్లు, 230తో భాగిస్తే 19.6 ఆంపియర్లు. లోపలున్నది 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, అంత కరెంటుకి అది సన్నం. "గోడలో వైరుని కాపాడటానికే ఎంసీబీ పెట్టేది, అది పడుతోందంటే దాని పని అది చేస్తోందిరా" అన్నాడు. 9 ఏళ్లలో ఎవరూ చెప్పని మాట.

కిలోవాట్లని వాట్లలోకి మార్చడం దగ్గరే సగం బ్యాచ్ తడబడింది. ఒకతను 2 కిలోవాట్ల గీజర్‌కి 2ని 230తో భాగించి 0.0087 ఆంపియర్లని చెప్పాడు, అందరం నవ్వాం, తర్వాత రోజు నేనూ అదే తప్పు చేశాను.

నా ఫీజు గిట్టుబాటయింది మాత్రం వోల్టేజ్ డ్రాప్ (పొడవాటి వైరులో దారిలోనే పోయే వోల్టేజి) క్లాసులో. రాగికి 0.0175 తీసుకుని, మీటర్లలో పొడవుతో గుణించి, వైరు స్క్వేర్ ఎంఎంతో భాగిస్తే వైరు ఎన్ని ఓమ్‌లో (కరెంటుని ఎంత అడ్డుకుంటుందో) వస్తుంది, దాన్ని కరెంటుతో గుణించడం, అంతే. మా ఊళ్ళో ఒక రైతు 5 హెచ్‌పీ బోరు మోటారుకి 250 మీటర్ల దూరం 2.5 వైరు లాగిద్దామనుకున్నాడు. నేను అట్టముక్క మీద లెక్క వేశాను. ఒక్కో ఫేజు వైరు 1.75 ఓమ్‌లు, దాన్ని మోటారు లాగే 7.6 ఆంపియర్లతో, త్రీ ఫేజ్ కాబట్టి రూట్ 3తో గుణిస్తే దాదాపు 23 వోల్టులు దారిలోనే పోతాయి. 4 వేస్తే 14 చిల్లర. అసలే రాత్రుళ్లు మాకు వోల్టేజి 380కి పడిపోతుంది, అందులోంచి ఇంకో 23 పోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోకుండా ఉంటుందా? 4 కొన్నాడు. మా మామ ఏమీ అనలేదు గానీ ఆ అట్టముక్క జేబులో పెట్టుకున్నాడు.

ఇక తిట్లు. రూట్ 3 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "అదంతే, రాసుకో" అన్నారు. ఇంటికొచ్చి మీటర్ పెడితే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 236, రెండు ఫేజుల మధ్య 409, భాగిస్తే 1.73. ఇది చూపించడానికి రెండు నిమిషాలు చాలు కదా! పవర్ ఫ్యాక్టర్‌ని (లాగిన కరెంటులో ఎంత నిజంగా పనికొస్తుందో చెప్పే లెక్క) పది నిమిషాల్లో ముగించారు. 22 మందికి మూడు క్లాంప్ మీటర్లు (వైరు కోయకుండా చుట్టూ పట్టించి కరెంటు కొలిచేవి), అందులో ఒకదానికి ఎప్పుడూ బ్యాటరీ ఉండదు. జిరాక్స్ నోట్స్‌లో 1 హెచ్‌పీ అంటే 764 వాట్లని అచ్చయింది, 746 ఉండాలి, బ్యాచ్ అంతా దాన్నే బట్టీ పట్టింది.

చేరాలనుకుంటే చేరండి, ఐదుకి నాలుగిస్తాను. ఫోన్‌లో లెక్కలు చేయనివ్వరు, మామూలు సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఒకటి కొనుక్కెళ్ళండి. ముందు వరుసలోనే కూర్చోండి, వెనక ఫ్యాను చప్పుడుకి ఒక్క ముక్క వినపడదు.